వచ్చేవారం దాకా ఆగు

మేడ మీద గది, ప్రెస్సు వెనక సందు
జూన్

అక్కకి,

ముందు విషయం: ఉద్యోగం మానేశాను. తిట్టేముందు మొత్తం చదువు.

మన ఊళ్ళో విలేకరిగా ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండేది. సైకిలేసుకుని తిరగడం, వార్తల కవరు బస్సు డ్రైవరు చేతిలో పెట్టడం, వచ్చి నీ ఇంట్లో అన్నం తినడం. ఇక్కడికొచ్చాక డెస్కులో కూర్చోబెట్టారు. రోజంతా చావులు దిద్దడమే పని. లారీ కింద పడినవాడు, ఉరేసుకున్నవాడు, కత్తిపోట్లు తిన్నవాడు. ఎవరు, ఎక్కడ, ఎలా అన్నవి మొదటి వాక్యంలోనే ఇరికించాలి. నాలుగు వాక్యాలు దాటితే పైవాడు ఎర్రసిరాతో కోసేస్తాడు. ఎందుకు చచ్చాడో రాయడానికి ఎప్పుడూ చోటుండేది కాదు. ఆ చోటు కోసమే సెలవురోజుల్లో కథలు రాయడం మొదలుపెట్టాను. ఒకటి చూసి వారపత్రిక ఎడిటరు పిలిపించాడు. సస్పెన్సు సీరియల్ అడిగాడు. ఒప్పుకున్నాను.

ఇది తిరగేసి చేసే పని. పేపర్లో ముందే చెప్పెయ్యాల్సినదాన్ని ఇక్కడ ఆఖరిదాకా దాచిపెట్టాలి. ఎడిటరు నాకు చెప్పిన పాఠం ఒక్కటే. "ప్రతివారం చదివేవాడి గొంతు దాకా తెచ్చి వదిలెయ్. మింగనివ్వకు."

ఒక సాయం చెయ్యి. బావ బావి తవ్వడానికి దిగేముందు ఏమేం చేస్తాడో, పైకొచ్చాక ఏం చేస్తాడో గుర్తున్నంతా రాయి. రాయి వేసి వింటాడు గదా, ఏ చెవి పెడతాడు? వేళ్ళు పోయింది ఏ చేతికి? ఎందుకని అడక్కు. ఇలాంటి నిజాలు కాసిని కలిస్తేనే నా అబద్ధం లేచి నడుస్తుంది.

తమ్ముడు


ఇంటి నుంచి
జూన్ ఆఖరు

చిన్నోడికి అక్క రాసేది.

చెప్పి మానేస్తారా, మానేసి చెప్తారా? మీ బావతో అంటే "బావిలో దిగాక తాడు కోసుకున్నాడన్నమాట" అని నవ్వాడు. తరవాత "వాడు గట్టివాడులే, ఎక్కొస్తాడు" అన్నాడు.

నువ్వడిగినవి రాస్తున్నాను. ముందు చిన్న రాయి వేస్తాడు. ఎడం చెవి పెట్టి తల వాల్చి వింటాడు. కుడి చెవి, బావిలో బండ పగలగొట్టే తూటా పేలినప్పుడు పోయింది గదా. ఎడం చేతికి చివరి రెండు వేళ్ళు సగానికి పోయింది కూడా అప్పుడే. రాయి అయ్యాక లాంతరు దించుతాడు. అది ఆరిపోతే కింద గాలి బాగాలేదని ఆ రోజుకి దిగడు. పైకొచ్చాక మోచేతుల దాకా కడుగుతాడు. మట్టి పోయినా కడుగుతూనే ఉంటాడు, ఏదో కూనిరాగం తీసుకుంటూ. "ఏమయ్యా, తోలు కూడా వదిలిస్తావా?" అంటాను. తాగిన గ్లాసు బోర్లించి పెడతాడు. పని దగ్గర దుమ్ము పడకుండా అలా చేసీ చేసీ, ఇంట్లోనూ అదే అలవాటు. ఇవి చాలా?

మిల్లు గుమస్తా ఇంకా రాలేదు. కిందటేడు కాక అంతకుముందు ఏడు, కల్వర్టు దగ్గర సైకిలుంది, మనిషి లేడని నువ్వే రాశావు. వాళ్ళావిడ ఆ సైకిలు రోజూ తుడిచి పెడుతోంది. గుమస్తా వాళ్ళన్న కనపడినప్పుడల్లా "మీ తమ్ముడికేమైనా తెలిసిందా?" అని అడుగుతాడు. ఊళ్ళో ఏం జరిగినా నీకు తెలుస్తుందని ఇంకా వీళ్ళ నమ్మకం.

వేళకి తిను.

అక్క


మేడ మీద గది
సెప్టెంబరు

అక్కకి,

సీరియల్ మొదలైంది. నీకు పుస్తకం పోస్టులో పంపిస్తున్నాను, ప్రతివారం వస్తుంది.

చదివితే నీకే తెలుస్తుంది, గుమస్తా సంగతే దీనికి విత్తనం. కంగారు పడకు, మిల్లు తీసేసి బట్టలకొట్టు పెట్టాను. గుమస్తాని కొట్టు యజమానిని చేశాను. పేపర్లో ఎవరినైనా కాపాడాలంటే ఇలాగే చేసేవాళ్ళం. ఊరూ పేరూ చేసే పనీ మార్చేసి, మిగతాది ఉన్నదున్నట్టు ఉంచడం. ఎవరూ పోల్చుకునేవారు కాదు.

నాలుగోవారం నుంచి ఒక మనిషి వస్తాడు. మిద్దెల మీద నీళ్ళ ట్యాంకులు కడిగేవాడు. నువ్వు రాసినవన్నీ అతనికి పెట్టాను. ఎడిటరు ఆ ప్రకరణం చదివి కుర్చీలోంచి లేచాడు. "చేతులు కడుగుతూ పాట పాడేవాడు! ఎక్కడ దొరికాడయ్యా వీడు?" అన్నాడు. ఇంట్లోనే దొరికాడని చెప్పలేదు.

తమ్ముడు


ఇంటి నుంచి
అక్టోబరు

చిన్నోడికి,

పుస్తకం వచ్చిన రోజు మంగలి షాపులో గడ్డం గీయించుకునేవాళ్ళకంటే సీరియల్ వినేవాళ్ళే ఎక్కువ. పోస్టుమాస్టరు చదువుతాడట. నువ్వు పేపర్లో రాసేటప్పుడు నాలుగు వాక్యాల్లో ముగ్గురు పోయేవాళ్ళు, ఇప్పుడు ఇన్ని వారాలకి ఒక్క శవమూ దొరకలేదని నేను ఎగతాళి చేశాను. ఎవరూ నవ్వలేదు.

వీళ్ళు కథ వినడం లేదురా. వార్త వింటున్నారు. ఇన్నేళ్ళలో నువ్వు ఈ ఊరి గురించి రాసిన ముక్క ఒక్కటీ అబద్ధం కాలేదు. "పేపర్లో వేస్తే కేసవుతుందని ఇలా కథలా పెట్టి చెప్తున్నాడు" అని గుమస్తా వాళ్ళన్న అంటున్నాడు. బట్టలకొట్టంటే మిల్లేనని మొదటివారమే తేల్చేశారు. కల్వర్టు నువ్వు మార్చనేలేదు.

ట్యాంకులవాడు వచ్చిన వారం మీ బావ చదివి వినిపించమన్నాడు. చెవి సంగతి దగ్గర ఆగాను. చదవమన్నాడు. వేళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎడం చెయ్యి తువ్వాలు కిందికి పోనిచ్చాడు. అంతా అయ్యాక "బాగా రాశాడు. గ్లాసు బోర్లించేది కూడా చూశాడే!" అన్నాడు.

నువ్వు చూసింది కాదు, నేను రాసింది. ఆ మాట ఆయనతో అనలేదు.

అక్క


మేడ మీద గది
అక్టోబరు

అక్కకి,

నీ ఉత్తరం ఎడిటరుకి చదివి వినిపించాను. ఊరు ఊరంతా నిజమనుకుంటోందంటే ఎగిరి గంతేశాడు. సస్పెన్సు రాసేవాడికి అంతకంటే ఏం కావాలన్నాడు. నాకూ సంతోషమే, దాచను. పాఠకుల ఉత్తరాలు కట్టలు కట్టలుగా వస్తున్నాయి. ట్యాంకులవాడి గురించే అన్నీ. తమ ఇంటికి ట్యాంకు కడగడానికి వచ్చినవాణ్ణి లోపలికి రానివ్వలేదని ఒకావిడ రాసింది!

బావకి చెప్పు, నవ్వుకుంటాడు. ఇష్టం లేని మనిషిని ఇంత వివరంగా ఎవరూ రాయలేరు. అతనే చేశాడా లేదా అని నువ్వింకా అడగలేదు. మంచిదే, అడక్కు. నాకూ ఎడిటరుకీ తప్ప ఎవరికీ తెలియకూడదని నియమం. నీకు చెప్తే నువ్వు బావకి చెప్తావు, బావ కూలీలకి చెప్తాడు, సాయంత్రానికి మంగలి షాపుకి చేరుతుంది.

తమ్ముడు


ఇంటి నుంచి
నవంబరు

చిన్నోడికి,

ఈసారి నవ్వుకునేలా రాయడానికి ఏమీ లేదు.

మీ బావకి పనులు ఆగిపోయాయి. పూడిక తీయమని మాటిచ్చినవాళ్ళు ముఖం చాటేస్తున్నారు. మోకు పట్టే కూలీలిద్దరూ వేరే మేస్త్రీ దగ్గరికి వెళ్ళిపోయారు. ఒకడు మాత్రం వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి "ఇంట్లో ఆడవాళ్ళు భయపడుతున్నారు మేస్త్రీ" అన్నాడు. "మంచిదిరా" అన్నాడు ఈయన.

మిల్లు వెనక ఎండుబావిని గుమస్తా పోయిన ఏడే మీ బావ పూడ్చాడు, నీకు గుర్తుండాలి. దాన్ని తవ్వించారు. గుమస్తా వాళ్ళన్న మనుషుల్ని పెట్టాడు. పోలీసాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మీ బావ వెళ్ళాడు. వద్దన్నా వినలేదు. గట్టు మీద నుంచి "ఆ పక్క తవ్వకండయ్యా, మట్టి జారి మీద పడుద్ది" అని అరిచాడు. "ఆ పక్కే తవ్వండి" అన్నాడు గుమస్తా వాళ్ళన్న. మట్టి జారింది, ఒకడికి కాలు విరిగింది. అడుగుదాకా పోతే విరిగిన గిలక, ఒక చెప్పు దొరికాయి. చెప్పు ఆడమనిషిది.

ఏమీ లేదని తేలింది గదా, ఇంక ఊరుకుంటారనుకున్నాను. ఆ వారం నీ ట్యాంకులవాడు గోనెసంచి మోసుకెళ్ళాడు. "ఎక్కడికో మార్చేశాడు" అంటున్నారు ఇప్పుడు.

ఒక్క ముక్క రాయి. ట్యాంకులవాడు చేశాడా, చెయ్యలేదా? కాదని నీ చేత్తో రాసిన కాగితం ఉంటే నేను తీసుకెళ్ళి మంగలి షాపు గోడకి అంటిస్తాను. నీ సీరియల్ పాడైతే పాడైంది.

ఇంకోటి. గుమస్తా పోయిన ఆ వారంలో మీ బావ రెండు రోజులు ఇంటికి రాలేదు. పక్కూళ్ళో పనన్నాడు. అప్పుడు నేనేమీ అడగలేదు. నువ్వు విలేకరివి, నీ చెవిన ఏమైనా పడిందా? పడితే నా దగ్గర దాచకు.

అక్క


మేడ మీద గది
నవంబరు

అక్కకి,

కూలీలు మళ్ళీ వస్తారు, ఎక్కడికి పోతారు? బావని కొన్నాళ్ళు ఇంటిపట్టునే ఉండమను.

నువ్వడిగింది రాయలేను. నీ మీద నమ్మకం లేక కాదు. విలేకరిగా ఉన్నప్పుడు, ఎవరు చెప్పారన్నది చచ్చినా బయటపెట్టేవాణ్ణి కాదు. ఇదీ అలాంటిదే అనుకో. పైగా అమ్మకం పెరిగిందని ఎడిటరు ఇంకొన్ని వారాలు పొడిగించమన్నాడు. ట్యాంకులవాడి మీద అనుమానం గట్టిపడేలా కొత్తగా ప్రకరణాలు చేర్చాలి. ఇవాళ ఒకటి అచ్చుకివ్వాలి, తీసుకెళ్ళడానికి ప్రెస్సు మనిషి వచ్చి కింద కూర్చున్నాడు. అందుకే ఇంత గబగబా రాస్తున్నాను.

వచ్చేవారం ఒక సంగతి తేలుతుంది. ఇన్నాళ్ళు ఆగావు, వచ్చేవారం దాకా ఆగు.

తమ్ముడు


ఇంటి నుంచి
డిసెంబరు

చిన్నోడికి,

పేపర్లో రాసినట్టే మొదటి వాక్యంలో చెప్తున్నాను. మీ బావ ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఎవరు చెప్పారో బయటపెట్టనన్నావు. అంటే ఎవరో ఏదో చెప్పారనుకున్నాను. ఆ రెండు రోజుల సంగతి అడిగాను, దానికి నువ్వు జవాబే రాయలేదు. నా తమ్ముడు తెలియని విషయం రాయడు, తెలిసి చెప్పలేదంటే నా కాపురం కోసమే కడుపులో పెట్టుకున్నాడు అనుకున్నాను.

ఆయన అన్నం తింటుంటే అడిగాను. "ఏమయ్యా, గుమస్తా పోయినప్పుడు రెండు రోజులు నువ్వెక్కడున్నావు?"

చెవి ఇటు తిప్పాడు. మళ్ళీ అడిగాను. మొదటిసారే వినపడిందని నాకు తెలుసు.

నన్నే అడుగుతావా అని కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. "మీ తమ్ముణ్ణి అడగలేదా?" అన్నాడు.

"అడిగాను."

"ఏమన్నాడు?"

"వచ్చేవారం తేలుతుంది, ఆగమన్నాడు."

"అయితే వచ్చేవారం దాకా ఆగు" అన్నాడు.

కంచంలోది మొత్తం తిన్నాడు. చేతులు కడుక్కున్నాడు, కూనిరాగం తియ్యలేదు. గ్లాసు బోర్లించలేదు. నేను పొద్దున లేచేసరికి మోకూ పలుగూ గోడకే ఉన్నాయి. లాంతరు లేదు. నీ పుస్తకం ఆ మర్నాడు వచ్చింది. నేనింకా విప్పలేదు.

అక్క


మేడ మీద గది
డిసెంబరు

అక్కా,

అతను కాదు. ట్యాంకులవాడు ఏమీ చెయ్యలేదు. కొట్టు యజమానిని చంపింది సొంత తమ్ముడు. మొదటివారం రాయకముందే అది ఖాయమైపోయింది. చదివేవాళ్ళని పక్కదారి పట్టించడానికి ఒక మనిషి కావాలి, ట్యాంకులవాణ్ణి పెట్టింది అందుకు. ఇది మంగలి షాపు గోడకి అంటించు. ప్రతి గోడకీ అంటించు.

నాకెవరూ ఏమీ చెప్పలేదు.

ఆ రెండు రోజులూ బావ నా దగ్గర ఉన్నాడు. ఇసుక లారీల మీద వార్త రాసినందుకు పక్కూళ్ళో నన్ను పట్టుకుని కొట్టారు. బావకి కబురంపాను. ఆస్పత్రికి మోసుకెళ్ళి, నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. గుమస్తా వార్త కూడా అక్కడే, బావ అట్ట పట్టుకుంటే పడుకుని రాశాను. అక్కకి తెలిస్తే ఉద్యోగం మానిపిస్తుంది, చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను, నీతో సైకిలు మీంచి పడ్డానన్నాను. ఇన్నాళ్ళూ చెప్పలేదంటే ఆ మాట మీదే ఉన్నాడు.

నవంబరు ఉత్తరంలో నువ్వడిగింది నేను చూశాను. చూడలేదని రాద్దామనుకున్నాను గానీ చూశాను. చెప్తే పాత సంగతంతా చెప్పాలి, ప్రకరణం అయ్యాక తీరిగ్గా రాద్దామనుకున్నాను. తరవాత మర్చిపోయాను.

"ఏమన్నాడు?" అని బావ అడిగింది, ఆ నిజం నేనైనా నీకు చెప్పానేమోనని.

సీరియల్ ఆపెయ్యమని ఎడిటరుని అడిగాను. వచ్చే మూడు వారాలవి అచ్చయిపోయాయన్నాడు. రేపు బస్సెక్కుతున్నాను.

తమ్ముడు


ఇంటి నుంచి
జనవరి

చిన్నోడికి,

వద్దని తంతి ఇచ్చాక ఆగిపోయావు, మంచి పని చేశావు. నువ్వు భుజాన సంచితో బస్సు దిగితే ఇంకో వార్త తెచ్చావనుకుంటారు.

బస్సు దిగింది గుమస్తా. అవును, మిల్లు గుమస్తానే. ఎక్కడో లాడ్జిలో లెక్కలు రాసుకుంటున్నాడట. అన్నతో పడక వెళ్ళాడట, అంతకుమించి ఏమీ లేదు. లాడ్జిలో దిగిన ఎవరో మన ఊరాయన "నిన్ను చంపేశారు గదయ్యా" అంటే సంగతి తెలుసుకుని వచ్చాడు. వాళ్ళావిడ అందరూ చూస్తుండగా చెంప మీద కొట్టి, లోపలికి పిలిచింది.

ఇప్పుడు ఊళ్ళో ఎవరినడిగినా "మేమెప్పుడన్నాం?" అంటున్నారు. నువ్వు రాసిన కాగితం అంటించాను. చదివినవాళ్ళు "కథ ముందే చెప్పేశాడే" అని నొచ్చుకున్నారు. గుమస్తా వాళ్ళన్న మా గుమ్మం దాకా వచ్చాడు. "అమ్మా, పూడిక పనొకటుంది. ఆయనొస్తే చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను.

తెలిసిన ఊళ్ళన్నీ తిరిగాను. బావి పని జరిగే చోటల్లా ఆగి అడిగాను. లేడు.

నువ్వు పనిచేసిన పేపర్లో "కనబడుట లేదు" అని వేయించు. నాలుగు వాక్యాలు చాలు. నీకు చేతనవును గదా. కానీ వేళ్ళ సంగతి రాయకు. చెవి సంగతీ రాయకు. పక్కూరి బస్టాండులో వేళ్ళు తెగిన కూలీ ఒకతను టీ తాగుతుంటే నలుగురు చుట్టూ చేరి, ట్యాంకులవాడివి నువ్వేనా అని చెయ్యి పట్టి గుంజారట. నవ్వులాటకే అంటున్నారు. ఆయన్ని పోల్చుకునేవాళ్ళు ఇంటికి చేర్చడానికి పోల్చుకోవాలి గదా.

సీరియల్‌లో పెట్టని గుర్తులేమైనా ఉంటే అవి రాయి. నేను కూర్చుని ఆలోచించాను. ఒక్కటీ తోచలేదు. నాకు తెలిసినవన్నీ జూన్‌లోనే నీకు రాసేశాను.

అక్క


మేడ మీద గది
ఫిబ్రవరి

అక్కకి,

సీరియల్ అయిపోయింది. తమ్ముడే చంపాడని ఆఖరివారం వచ్చింది. దాని మీద వచ్చిన ఉత్తరాలు తక్కువ. హోటల్లో పక్క బల్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను. చివరికి ఎవరు చేశారో ఇద్దరికీ గుర్తు లేదు. వేళ్ళు గుర్తున్నాయి. ఎడిటరు కొత్తది అడిగాడు. లేదన్నాను.

ప్రకటన ఇచ్చాను. ఆదివారం వస్తుంది. ఇలా రాశాను:

"బావులు తవ్వే మేస్త్రీ, వయసు నలభై అయిదు, డిసెంబరు మొదటి వారం నుంచి కనబడుట లేదు. చామనఛాయ, సామాన్యమైన ఎత్తు. నీలం చొక్కా ధరించి, చేతిలో లాంతరుతో ఉండవచ్చు. ఆచూకీ తెలిసినవారు తెలుపగలరు."

బావ ఇది చూస్తాడనే ఆశతో కింద ఇంకో మాట కలిపాను: "ఆ రెండు రోజులూ ఎక్కడున్నారో మీ ఆవిడకి తెలుసు." ప్రకటనలు తీసుకునే ఆయన అది కొట్టేశాడు. ఇలాంటివి వెయ్యరట, చదివేవాళ్ళకి అర్థం కాదట.

మిగిలింది రెండుసార్లు చదివి, కలం పట్టుకుని నా వంక చూశాడు. "ఇలాంటి మనుషులు వీధికి పదిమంది ఉంటారండీ. వేరే గుర్తులేమీ లేవా?" అన్నాడు.

లేవన్నాను.

తమ్ముడు